కదలని కాళ్లు, మూతపడని నోరు

ఇప్పుడు కుర్చీలో కూర్చుని రాస్తున్నాను. లేవాలనుకుంటే లేవగలను. ఈ రెండో వాక్యం రాయగలగడానికి నాకు ఒక ఎండాకాలం చివర, ఒక వానాకాలం మొత్తం పట్టాయి. అందుకే ముందే రాసి పెడుతున్నాను. చదువుతూ చదువుతూ మధ్యలో ఎక్కడైనా భయమేస్తే, వెనక్కి వచ్చి ఆ వాక్యం ఓసారి చూసుకుని పొండి. నేనూ అదే చేస్తుంటాను.

ఎండలు ముదిరినప్పుడు

మాది చిల్కానగర్. మా ఇంట్లో ఇద్దరమూ కోచ్‌ల మీదే బతుకుతున్నాం. మా ఆయన శ్రీనివాస్ రైల్వే వర్క్‌షాపులో రైలు కోచ్‌లు బాగుచేస్తారు. నేను జాబ్ కోచ్‌ని. ఆయన కోచ్‌లు పట్టాల మీద పరిగెడతాయి. ఈ కోచ్ మాత్రం రోజూ పొద్దున ఉప్పల్‌లో సిటీ బస్సు వెనక పరిగెత్తేది.

నా పనేమిటో మా చుట్టాలకు ఇప్పటికీ తెలియదు, మీకైనా చెబుతాను. వికలాంగులకు ఉద్యోగం చూసిపెట్టి, చేతులు దులుపుకోకుండా, ఆ పని వాళ్ల చేతికి వచ్చేదాకా పక్కన ఉండాలి. పనిని చిన్న చిన్న ముక్కలు చేసి చూపించాలి. తర్వాత రోజుకింత చొప్పున వెనక్కి జరగాలి. జరిగి జరిగి ఒకరోజు కనిపించకుండా పోవాలి. ముందుకు వెళ్లిన కొద్దీ జీతం పెరిగే ఉద్యోగాలు చాలా ఉన్నాయి, వెనక్కి జరిగితేనే పేరొచ్చే ఉద్యోగం మాది. నాకు ఆ పేరు పెద్దగా రాలేదు. పక్కన కూర్చోవడం బాగా వచ్చు, లేవడమే రాదు. ఈ మాట జబ్బు చేయకముందు సంగతి. తర్వాత అది మరీ నిజమైపోయింది.

ఆ రోజుల్లో నేను పక్కన కూర్చుంటున్నది సంధ్య అనే అమ్మాయికి. ఇరవై దాటాయి. మేధో వైకల్యం ఉంది. కొత్త పని తలకెక్కడానికి సమయం పడుతుంది, ఎక్కిందంటే ఇక దిగదు, పొరపాటు ఎక్కినా సరే. నాచారంలో ఫస్ట్ ఎయిడ్ డబ్బాలు నింపే చిన్న యూనిట్‌లో పని దొరికింది. తెల్ల ప్లాస్టిక్ డబ్బాలో దూది, గాజుగుడ్డ, ప్లాస్టరు, కత్తెర పెట్టి, మూత వేసి, స్టిక్కరు అంటించాలి. సంధ్యకు అది మొదటి ఉద్యోగం. మెడలో ఐడీ కార్డు వేసుకుని బోనాలకూ పెళ్లిళ్లకూ కూడా వెళ్లేది. వాళ్లమ్మ తీయమంటే, “పోతే ఎట్ల? మల్ల ఎవలిస్తరు?” అని గుప్పిట్లో బిగించేదట.

ఆ యూనిట్ సూపర్‌వైజర్ యాదగిరన్న మొదటిరోజే నాతో తెగేసి చెప్పాడు.

“మేడం, వినాయకచవితి దాక సూస్తం. గప్పటికి పిల్ల ఒక్కతే చేసుకోవాలె. చేసిందా, పర్మినెంటు. చెయ్యకుంటే నన్ను అడగొద్దు. సేటు నేనంటే ఊకుంటడు గని, పని ఆగితే ఊకోడు.”

“చేస్తది అన్నా. చవితి లోపల నేను మీకు కనవడను, సూడండి.”

కనపడకుండా పోయిన మాట నిజమే. అనుకున్న పద్ధతిలో కాదు.

ఒక పొద్దున ఉప్పల్ మెట్రో మెట్లు దిగి సంధ్య ఎదురుచూస్తున్న బస్టాపుకు వెళ్లాను. ఆ అమ్మాయి నా మొహం చూడలేదు, కింద చూసింది.

“మేడం, ఒక్క చెప్పే తొడుక్కొచ్చినవేంది?”

చూసుకుంటే ఎడమ కాలికి చెప్పు లేదు. మెట్ల మీదెక్కడో జారిపోయింది, కాలికి తెలియలేదు. కాలికి తెలియకపోతే నాకెలా తెలుస్తుంది? కాలు తిమ్మిరెక్కిందనుకున్నాను. రెండు రోజులు పాదం నిద్రపోయిందని అందరికీ చెప్పుకుని నవ్వించాను. మూడోనాటికి నిద్ర మోకాళ్లదాకా పాకింది. మీలో ఎవరికైనా ఇలా పాదాల్లో మొదలైన తిమ్మిరి పైకి ఎక్కుతుంటే ఒక్క మాట వినండి. పాదం నిద్రపోయింది కదా అని మీరు నిద్రపోకండి. ఆ రోజే డాక్టరు దగ్గరికి పొండి. నేను నాలుగోరోజు మంచం మీంచి లేవబోయి, తడిబట్ట జారినట్టు కిందికి జారాక గానీ పోలేదు.

తొలకరి, ఆసుపత్రిలో

ఆసుపత్రి వరండాలో కుర్చీలన్నీ ఒకే ఇనుప కడ్డీకి బిగించి ఉంటాయి. ఒకరు కాలు ఊపితే వరసంతా ఊగుతుంది. ఆ రోజు మా వరసలో ఊగని కాళ్లు నావి మాత్రమే. మా అత్తమ్మ పక్కన కూర్చుని వచ్చేపోయే ప్రతివాళ్లనూ ఆపి నా కథ చెప్పింది. చెప్పినకొద్దీ కథ పెరిగింది. నా వంతు వచ్చేసరికి నేను మెట్రో పైనుంచి కిందికి పడ్డట్టు తేలింది.

నరాల డాక్టరు రబ్బరు సుత్తితో మోకాలి మీద కొట్టారు. మామూలుగా అయితే కాలు ఎగిరిపడాలి. నా కాలు మర్యాదస్తురాలిలా ఊరుకుంది. ఒంటిని కాపాడాల్సిన సైన్యం దారి తప్పి సొంత నరాల మీదే పడిందని, దాన్ని జీబీఎస్ అంటారని, చాలామంది కోలుకుంటారని చెప్పారు. గోడల మీద ‘నరాల బలహీనతా?’ అన్న ప్రకటనలు చూసి జీవితమంతా నవ్వుకున్నదాన్ని. గోడలు పగబట్టాయి.

మా ఆయన ‘కోలుకుంటారు’ అన్న మాట పట్టుకున్నారు. నేను ‘చాలామంది’ అన్న మాట పట్టుకున్నాను. ఒకే వాక్యాన్ని ఇద్దరం చెరోవైపు లాక్కుంటూ వార్డులో చేరాం.

అక్కడ రోజుకు చాలాసార్లు ఒక పరీక్ష. ఊపిరి బాగా పీల్చుకుని, ఒక్క దమ్ములో ఒకటి, రెండు, మూడు అంటూ ఎంతదాకా వస్తే అంతదాకా చెప్పాలి. ఎక్కడ ఆగిపోతామో చూసి, గొంతులో గొట్టం వేయాలో అక్కర్లేదో తేల్చుకుంటారు. చిన్నప్పుడు అంకెలు సరిగ్గా చెప్పకపోతే చెవి మెలిపెట్టేవారు, ఇక్కడ పందెం పెద్దది. నేను చెబుతుంటే మంచం చివర మా ఆయన పెదవులు కూడా కదిలేవి. తన ఊపిరి నాకు అప్పిస్తున్నట్టు ఆయనా బిగబట్టేవారు. ఒకరోజు నేను ముందురోజు కంటే త్వరగా ఆగిపోయాను. ఆయన ఆ తర్వాత కూడా ఇంకో రెండు అంకెలు లోపల్లోపల చెప్పుకుని, తలుపు వైపు తిరిగి నిలబడ్డారు. జబ్బు మొత్తంలో నేను నిజంగా భయపడింది అప్పుడు. మందు పనిచేసి, గొట్టం అవసరం లేకుండానే గండం గడిచింది. అయినా ఇప్పటికీ ఎవరైనా వరసగా అంకెలు చెబితే నా వీపు చల్లబడుతుంది.

సత్తెమ్మ అని ఒక ఆయా ఉండేది. రోజూ వచ్చి నా జడ విప్పి దువ్వి అల్లేది. అది ఆమె పని కాదు. “చేతులు లేస్తలేవని జుట్టు ఊకుంటదా బిడ్డా?” అనేది. మా అత్తమ్మ దిష్టి తీయించాలని, మా ఆయన డాక్టర్లు చెప్పింది వినాలని ఆసుపత్రి వరండాలోనే గొడవపడేవారు. ఆ గొడవ వినపడకుండా సత్తెమ్మ తన కోడలి సంగతులు గట్టిగా చెప్పేది. ఒక తల్లీకొడుకుల పోరు మీద ఒక అత్తాకోడళ్ల పోరు కప్పడం అన్నమాట. మందుల పేర్లు మరిచిపోయాను గానీ సత్తెమ్మ కోడలు చేసే తప్పులన్నీ నాకు గుర్తున్నాయి.

వార్డులో ఉండగానే యాదగిరన్న ఫోన్ చేశాడు. మా ఆయన నా చెవి దగ్గర పెట్టారు.

“మేడం, పానం ఎట్లున్నది?”

“ఉన్నది అన్నా.”

“గంతే చాలు. ఇగ గీ పిల్ల... డబ్బ ముందట వెట్టుకోని గేటు దిక్కు సూస్తది. మేడం వస్తది అంటది. నేనేమో సేటుకు ఏదో ఒకటి చెప్తున్న. ఎన్నొద్దులు చెప్పాలె?”

మా ఆఫీసులో ఇంకో కోచ్ ఉంది, ఆమెకు అప్పటికే చేతినిండా మనుషులున్నారు. మా మేనేజరు ఆలోచించి, నేను డిశ్చార్జి అయ్యాక ఇంటి నుంచే ఫోన్‌లో సంధ్యకు తోడుండమన్నారు. ఊపిరి, నోరు బాగున్నాయి కదా అన్నారు. నా బయోడేటాలో అవి రెండే మిగిలాయి.

బోనాల నాటికి, ఇంట్లో

మా ఆయన నాచారం వెళ్లి సంధ్య బల్ల అంచుకు ఒక స్టాండు బిగించి, ఆఫీసువాళ్లిచ్చిన ఫోన్ దానికి తగిలించి వచ్చారు. వీడియో కలిసింది. చిల్కానగర్‌లో మంచం మీద దిండ్లకు ఆని పడుకున్న నేను, నాచారంలో బల్ల మీద నిటారుగా నిలబడ్డాను. నిలబడ్డ నన్ను చూసి పడుకున్న నాకు కాస్త అసూయగానే ఉండింది.

సంధ్య ఫోన్‌లోకి ముక్కు ఆనించి చూసింది.

“మేడం, చిన్నగైనవ్.”

“అవును. నువ్వు డబ్బ ముందట వెట్టుకో. దూది ఏది?”

పని నడిచింది. నేను చెప్పడం, ఆమె చేయడం. మూత పడగానే నేను “శభాష్” అనడం. ఆమె స్టిక్కరు అంటించి తర్వాతి డబ్బా తీయడం. చేతులతో చూపించే వీల్లేదు, నా చేతులకు అప్పుడు చెంచా ఎత్తే బలమూ లేదు, సరిగ్గా స్పర్శా లేదు. అందుకని చేతుల పని కూడా నోటితోనే చేశాను. డబ్బా డబ్బాకూ శభాష్, శభాష్. ఎంత ఉదారంగా పంచానంటే, ఆ నెలలో హైదరాబాదులో మిగతావాళ్లకు శభాష్‌లు మిగిలి ఉండవు.

ఫోన్ స్పీకరులో ఉండేది కాబట్టి మా ఇంటి చప్పుళ్లన్నీ నాచారం చేరేవి. కుక్కర్ కూత పెడితే అక్కడి ఆడవాళ్లు తలలెత్తేవారు. కొద్దిరోజుల్లోనే వాళ్లకు నాకన్నా మా అత్తమ్మ దగ్గరయింది.

“అత్తమ్మా, ఇయ్యాల ఏం కూర?”

“చింతచిగురు పప్పు. నీదేంది బిడ్డా?”

“వంకాయ. నిన్నటిదే.”

“నిన్నటి వంకాయ తినకే, కడుపుల తిప్పుతది! మా కోడలు గట్లనే బయట ఏదో తిని కాళ్లు పోగొట్టుకున్నది.”

నా జబ్బుకు అసలు కారణం అలా నాచారంలో అందరికీ తెలిసిపోయింది. అది పూర్తిగా అబద్ధమూ కాదు. ఇది రాకముందు నాకు నాలుగు రోజులు కడుపు చెడింది. డాక్టరు మెల్లగా చెప్పినదాన్ని అత్తమ్మ స్పీకరులో చెప్పింది.

ఆషాఢం వెళ్లాక ఒకరోజు నన్ను మళ్లీ చూపించుకోవడానికి ఆసుపత్రికి తీసుకెళ్లారు. పొద్దున వెళ్లినవాళ్లం సాయంత్రం వచ్చాం. ఆ రోజంతా నాచారానికి వీడియో కలపలేదు. చేతులు మెరుగయ్యాయి, కాళ్లు కూడా వస్తాయి, రోజూ కసరత్తు చేయించండి అన్నారు. ఇంట్లో పాయసం వండారు. చెంచా నేనే పట్టుకున్నాను. ఇంతలో ఫోన్ మోగింది.

“మేడం,” అన్నాడు యాదగిరన్న. మామూలుగా గడగడా మాట్లాడే మనిషి ఆగి ఆగి మాట్లాడాడు. “పిల్ల బంద్ పడ్డది.”

“బంద్ పడుడేంది అన్నా?”

“పొద్దుగాల మంచిగనే ఒక డబ్బ నింపింది. మూత వెట్టింది. గంతే. మూత మీద చెయ్యి వెట్టి కూసున్నది. స్టిక్కరు అంటియ్యవే అంటే అంటియ్యది. తిట్టిన, బతిలాడిన. ఇంకోటి తీస్కోవే అంటే ఇనది. అన్నం తిన్నది, మల్లొచ్చి మూత మీద చెయ్యి వెట్టింది. పొద్దుమీకిదాక గదే డబ్బ.”

“సేటు సూసిండా?”

“సూసిండు. నన్ను ఇంకోతీరుగ సూసిండు. మేడం, ఒక్క మాట చెప్పాల్నా? కోపానికి రావద్దు. చవితికి ఇంకెన్నొద్దులున్నయ్? మేం పిల్లను నౌకరిల వెట్టుకుంటం గని, ఫోన్ల మేడంను గూడ వెట్టుకోలేం గద.”

మర్నాడు వీడియో కలవగానే సంధ్యను కోప్పడలేదు. పని ఎలా చేయాలో నాకు చెప్పమన్నాను. వేళ్లు మడుచుకుంటూ పాఠం అప్పజెప్పింది.

“దూది. గాజుగుడ్డ. ప్లాస్టరు. కత్తెర. మూత. మేడం శభాష్ అంటది. స్టిక్కరు.”

నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే నవ్వు దిగిపోయింది. ఆ అమ్మాయి తప్పేమీ చేయలేదు. నేను నేర్పింది నేర్పినట్టు నేర్చుకుంది. దూది లేకుండా డబ్బా మూయకూడదు, అలాగే శభాష్ లేకుండా స్టిక్కరు అంటించకూడదు. నన్ను నేనే డబ్బాలో ఒక సామానుగా సర్దేశాను. వెనక్కి జరగాల్సిన కోచ్ ఇంత గట్టిగా లోపల ఇరుక్కోవడం మా వృత్తిలోవాళ్లకే సాధ్యం.

ఆ సాయంత్రం మా ఆయనతో పోట్లాట అయింది. పొద్దంతా ఫోన్ ముందు కూర్చుని నేను కసరత్తు ఎగ్గొట్టానని ఆయనకు తెలిసిపోయింది.

“నీకు ఆ పిల్ల నౌకరి ముఖ్యమా, నీ కాళ్లు ముఖ్యమా? ఒకటి చెప్పు,” అన్నారు.

“ఆ పిల్ల నౌకరి పోతే, ఇగ మా ఆఫీసు నుంచి ఇంకొకల్లను ఆ గేట్లకు రానిస్తరా? ఒకసారి పని ఆగింది అని పేరు పడ్డదంటే...”

“నీ కాళ్లకు గూడ పేరు పడ్తది. అది ఎవలు ఆలోచించాలె? నేనొక్కన్నేనా?”

ఆయన గొంతు పెద్దదయింది. అంతకుముందు అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. అత్తమ్మ ఇద్దరి మధ్యకూ వచ్చి నిలబడి, “నడువుండ్రి, అన్నం తినుండ్రి,” అంది. నేను నడవలేనన్న సంగతి ముగ్గురికీ ఒకేసారి గుర్తొచ్చింది. ముందు నవ్వింది ఆయనే, కళ్లు తుడుచుకుంటూ.

శ్రావణం, ఫిజియోథెరపీ

కసరత్తు చేయించడానికి జ్యోతి వచ్చేది. ఉప్పల్ నుంచి స్కూటీ మీద వచ్చే, నవ్వుతూనే ఏడిపించే మనిషి. ఆమె రెండు వేళ్లు నా మోచేతి కింద పెడితే, మంచం నుంచి వంటింటి గడపదాకా నడిచేదాన్ని. వేళ్లు తీసేస్తే ఎక్కడున్నానో అక్కడే గోడకు అతుక్కునేదాన్ని.

“అక్కా, ఇవి నిన్ను మోస్తున్నయనుకుంటున్నవా?” అని ఒకరోజు ఆ రెండు వేళ్లూ నా మొహం ముందు ఆడించింది. “ఏం మోస్తలేవు. ఉత్తగ తాకుతున్నయ్ గంతే. నడిచేది నువ్వే.”

“ఉత్తగ తాకితే ఏం పోయింది? ఉండనియ్యరాదు!”

“నేను రోజు నీ ఎంబడి బజారుకు గూడ రావాల్నా?”

ఇదే ప్రశ్న, దాదాపు ఇవే మాటల్లో, నేను ఎంతమంది తల్లులను అడిగి ఉంటానో! “రోజు మీరు ఫ్యాక్టరీకి వస్తరా అమ్మా?” అని దబాయించేదాన్ని. ఇటువైపు కూర్చుని వింటే ఎంత గుచ్చుకుంటుందో అప్పుడు తెలిసింది. జ్యోతి మీద కోపంతోనే రెండడుగులు వేసి, వంటింటి గడప పట్టుకున్నాను. మధ్యలో ఆమె వేళ్లు లేవని గడప దగ్గర చెప్పింది.

ఆ మధ్యాహ్నమే సంధ్య పని గురించి పద్ధతి మార్చాను. ఆ డబ్బా మూత సరిగ్గా పడితే ‘టక్’మంటుంది. ఇక శభాష్ చోట ఆ టక్ ఉండాలి. నేను ఏ ఊరు పోయినా, నాకు ఏ జబ్బు చేసినా, టక్ మాత్రం నాచారంలోనే ఉంటుంది. కొన్ని రోజులు శభాష్‌కు ముందు “టక్ విన్నవా?” అని అడిగాను. తర్వాత శభాష్ తీసేసి అదొక్కటే అడిగాను. ఇక అదీ మానేసి, నోరు మూసుకోవాలి.

అన్ని పాఠాల్లోకీ ఇదే కష్టం. మైకు ఆపేస్తానన్నాను. అత్తమ్మ ఒప్పుకోలేదు.

“మీట నీ చేతిలనే ఉన్నదాయె. నోరు ఆగనిది ఏలు ఆగుతదా? ఇంకోటి, నీ పెదవులు కదిలితే ఆ పిల్లకు కనవడ్తది.” చీరకొంగుతో చేయి తుడుచుకుని, ఒక నువ్వుల లడ్డూ తెచ్చి నా నోట్లో మొత్తంగా కుక్కేసింది. “ఇగ మాట్లాడు సూస్త.”

మాట్లాడలేకపోయాను. నన్ను కన్న మా అమ్మ కూడా చేయలేని పని మా అత్తమ్మ చేసింది.

మొదటిరోజు సంధ్య మూత వేసింది. టక్. ఫోన్ వైపు చూసింది. నేను లడ్డూ నిండిన బుగ్గలతో ఆమెను చూశాను. ఆమె నన్ను చూసింది. వెనక చేతులు కట్టుకుని యాదగిరన్న నిలబడి ఉన్నాడు, ఆయనకు కూడా మాట్లాడొద్దని ముందే చెప్పి పెట్టాం. ఎంతసేపో అలా. నా నోట్లో లడ్డూ కరిగిపోతోంది, లోపల మాట ఉబికి వస్తోంది. అత్తమ్మ రెండో లడ్డూ పట్టుకుని కాచుకుని కూర్చుంది. చివరకు ఆగలేకపోయింది యాదగిరన్నే.

“అరె, అంటియ్యరాదే నా తల్లీ!”

సంధ్య వెంటనే అంటించింది. నేను లడ్డూ మింగేసి అరిచాను.

“అన్నా! గిప్పుడు నీ మాట కోసం ఆగుతది!”

“ఆగుడు నాతోని కాలేదు మేడం! నా పానం పోయినంత పనైంది. మీరెట్ల ఆగుతున్నరు?”

“లడ్డూ.”

మర్నాడు మా ఆయన డ్యూటీకి పోతూ నాచారం మీదుగా తిరిగి, యాదగిరన్నకూ ఒక డబ్బా నువ్వుల లడ్డూలు ఇచ్చి వెళ్లారు. ఒక అమ్మాయి ఉద్యోగం కోసం ఇద్దరు పెద్దవాళ్లు చిల్కానగర్‌లో ఒకరు, నాచారంలో ఒకరు నోట్లో లడ్డూలు పెట్టుకుని కూర్చున్నారు. ఆ రోజు సంధ్య మూత వేసింది. ఫోన్ చూసింది. యాదగిరన్నను చూసింది. ఇద్దరి బుగ్గలూ ఉబ్బి ఉన్నాయి. మూత తీసి, మళ్లీ నొక్కింది. టక్. చెవి దగ్గరకు వంగి ఇంకోసారి తీసి నొక్కింది. టక్.

“టక్,” అంది తనలో తాను. స్టిక్కరు తీసింది.

అత్తమ్మ నా చేయి గట్టిగా పిసికింది. ఆ పిసుకుడు నాకు పూర్తిగా తెలిసింది. ఆ చేతికి స్పర్శ వచ్చిందని అప్పుడే గమనించాను.

తర్వాత కొన్ని రోజులు ఫోన్‌లో నా మొహం కనపడకుండా పైకప్పు చూపించాను. అక్కడి ఆడవాళ్లు మా ఫ్యానుకు బూజు పట్టిందని అత్తమ్మకు ఫిర్యాదు చేశారు. ఆ తర్వాత కాసేపే ఫోన్, ఆ తర్వాత పొద్దున ఒక్కసారే. మధ్యమధ్య పనులు ఆగాయి. ఒకరోజు స్టిక్కర్లు తలకిందులుగా అంటించింది. నేను కూడా ఒకరోజు స్నానాలగదిలో జారి, మా ఇంటిల్లిపాదినీ వారంపాటు నిద్రపోనివ్వలేదు. ముందుకు వెళ్లడమంటే ఇలా ఎగుడుదిగుడుగానే ఉంటుంది. తిన్నగా కోలుకున్నామని ఎవరైనా చెబితే నమ్మకండి, వాళ్లకు మతిమరుపు కూడా ఉండి ఉంటుంది.

చవితి ముందు, గేటు బయట

సేటు చూడబోయే రోజు ఫోన్ ఉండకూడదన్నారు. ఇంట్లో ఉండలేకపోయాను. చేతికర్ర పట్టుకుని, మా ఆయనతో ఆటోలో బయల్దేరాను. మంచాన పడ్డాక ఆసుపత్రికి కాకుండా ఇంకోచోటికి వెళ్లడం అదే మొదటిసారి. నాచారం సందుల్లో వినాయకుడి పందిళ్లకు కర్రలు పాతుతున్నారు. ఆటో తిరిగి తిరిగి యూనిట్ గేటు చేరింది. లోపలికి వెళ్లొద్దని నాకు నేనే చెప్పుకుని, వాచ్‌మన్ గదిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను.

“మీరు ఫోన్ల మేడం గదా?” అన్నాడు వాచ్‌మన్. “గొంతు గుర్తువట్టిన. అత్తమ్మ రాలేదా?”

నేను ఆసుపత్రి వరండాలో చాలాసార్లు చాలాసేపు కూర్చున్నదాన్ని. ఆ గదిలో కూర్చున్నంత బరువుగా ఎక్కడా కూర్చోలేదు. అక్కడ నా కాళ్ల గురించి ఎవరో తలుపు తీసి చెప్పేవారు. ఇక్కడ లోపల ఏమవుతోందో ఒక్క చప్పుడు రాదు. మూత మీద చేయి పెట్టి కూర్చుందేమో. గేటు వైపు చూస్తోందేమో. మా ఆయన రెండుసార్లు టీ తాగి, మూడోసారి నా టీ తాగారు.

భోజనం గంటకు ముందు యాదగిరన్న బయటికి వచ్చాడు. మొహంలో ఏమీ లేదు. నిదానంగా నా కర్ర చూశాడు, చెప్పులు చూశాడు.

“మంచిగ నడుస్తున్నరు మేడం.”

“అన్నా, నా సంగతి వదులు. లోపల ఏమైంది?”

“ఏమైతది? పని అయితున్నది. సేటు అర్ధగంట నిలవడ్డడు. పిల్ల ఆయన దిక్కే సూడలేదు. ఆయన గడియారం సూసుకోని పోయిండు.” తల గోక్కున్నాడు. “ఒక్కటే మాటన్నడు మేడం. ఆ ఫోన్ స్టాండు బల్ల మీద ఉత్తగ జాగ ఆపుతున్నది, తీసెయ్యమన్నడు. ఆ జాగల ఇంకో మనిషి కూసోవచ్చునట. మీ తాన ఇంకెవలన్న ఉన్నరా?”

నేను జవాబు చెప్పేలోపే గంట మోగింది. ఆడవాళ్లంతా టిఫిన్ డబ్బాలతో బయటి చెట్టు నీడకు వస్తున్నారు. వాళ్ల మధ్య సంధ్య. నన్ను చూసి ఆగింది. ఫోన్‌లో అంత చిన్నగా ఉన్నదాన్ని ఇంత పెద్దగా చూసి లెక్క సరిచూసుకున్నట్టు పైనుంచి కిందిదాకా చూసింది.

“ఎందుకొచ్చినవ్?”

“నిన్ను సూద్దామని.”

“సూసినవ్ గద.” టిఫిన్ డబ్బా మూత తీస్తూ స్నేహితుల వైపు నడిచింది. మళ్లీ ఏదో గుర్తొచ్చి వెనక్కి వచ్చింది. “పని టైముల ఫోన్ చెయ్యకు మేడం. మాకు ఒప్పుకోరు.”

యాదగిరన్న విప్పి తెచ్చిచ్చిన స్టాండు ఒళ్లో పెట్టుకుని ఆటోలో కూర్చున్నాను. పందిళ్ల సందు దాటేదాకా నేను నవ్వుతూనే ఉన్నానట. మా ఆయన ఓపిక పట్టి పట్టి అడిగారు.

“ఇంతకు ఆ పిల్ల ఎట్ల చేసింది?”

“ఏమో. నేను సూడలే.”

“సూడలేవా? మరి గింత సంబురమేంది?”

“అదే సంబురం.”